లుకేమియాకు మాత్ర: ఎవరికి పనిచేస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

విశాఖపట్నంలో పరీక్షలు చేయించుకుని ఆమదాలవలసలో రైలు దిగిన కుటుంబం చేతిలో రెండు పేజీల రిపోర్టు ఉందనుకుందాం. మొదటి పేజీ నిండా రక్తకణాల లెక్కలు. తెల్లకణాలు పదివేలు ఉండాల్సిన చోట 1,86,000. ఇల్లు చేరేసరికి అందరి గుండెల్లోనూ ఆ అంకె ఒక్కటే మోగుతుంటుంది. రెండో పేజీ మధ్యలో చిన్న అక్షరాల్లో ఇంకో లైను ఉంటుంది: బీసీఆర్-ఏబీఎల్1, పి210, పాజిటివ్, 68 శాతం ఐఎస్. దాన్ని ఎవరూ పట్టించుకోరు. నిజానికి మొదటి పేజీలోని అంకె భయపెట్టేదే గానీ దాంతో మందు తేలదు. మందును తేల్చేది రెండో పేజీలోని లైను. అది ఉంటే, అంటే జబ్బు సీఎమ్మెల్ అనే లుకేమియా అయితే, రోజుకో ఇమాటినిబ్ మాత్రతో దశాబ్దాలు బతకొచ్చు. అది లేకపోతే అదే మాత్ర ఎన్ని నెలలు మింగినా గురి తగలదు.

"బ్లడ్ క్యాన్సర్‌కి మాత్ర వచ్చేసింది" అనే సందేశం ఫోన్లలో తిరుగుతున్నప్పుడల్లా శ్రీకాకుళం, విజయనగరం ఆసుపత్రుల ఓపీల్లో ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ఆ మాత్ర మా వోడికి రాయరేటి బాబూ?" ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం "ఏ లుకేమియా, దాని వెనుక ఏ జన్యు మార్పు" అన్న దగ్గర మొదలవుతుంది.

లుకేమియా ఒకటి కాదు

ఎముక మూలుగలో రక్తకణాలు పుడతాయి. అక్కడ ఒక కణంలో జన్యువు దెబ్బతిని, అది హద్దు లేకుండా పిల్లలు పెట్టడమే లుకేమియా. వేగాన్ని బట్టి, కణం జాతిని బట్టి నాలుగు పెద్ద రకాలు. వారాల్లో ముంచుకొచ్చేవి ఏఎమ్మెల్ (అక్యూట్ మైలాయిడ్ లుకేమియా), ఏఎల్ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియా). నెలలు, ఏళ్ల తరబడి నెమ్మదిగా పెరిగేవి సీఎమ్మెల్ (క్రానిక్ మైలాయిడ్ లుకేమియా), సీఎల్ఎల్ (క్రానిక్ లింఫోసైటిక్ లుకేమియా). పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఏఎల్ఎల్. సీఎల్ఎల్ పెద్దవయసు జబ్బు, మన దేశంలో తక్కువ. సీఎమ్మెల్ పశ్చిమ దేశాల్లో ఎక్కువగా అరవై దాటాక వస్తుంది. మన దగ్గర ముప్పై అయిదు, నలభై ఏళ్లకే, ఇల్లు నడిపే వయసులోనే పట్టుకుంటోంది. ఎడమ డొక్కలో బరువు, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, ఒళ్లు తగ్గిపోవడం దాని మొదటి జాడలు. ప్లీహం పెరగడం వల్ల వచ్చేవి ఇవి.

మామూలు కీమోథెరపీ వేగంగా విడిపోయే కణాలన్నిటినీ కొడుతుంది. జుట్టు, నోటిపొర, పేగుపొర, మంచి మూలుగ కూడా వేగంగా విడిపోయేవే కాబట్టి వాటికీ దెబ్బ తగులుతుంది. టార్గెటెడ్ మందు పద్ధతి వేరు. క్యాన్సర్ కణం దేని మీద ఆధారపడి బతుకుతోందో ఆ ఒక్క ప్రొటీన్‌ను, లేదా కణం పైన కనిపించే ఒక గుర్తును పట్టుకుంటుంది. దీనికీ దుష్ఫలితాలు ఉంటాయి. ఆ ప్రొటీన్ మంచి కణాల్లోనూ కొంత ఉంటుంది, మందు పక్కనున్న పోలిక ప్రొటీన్లను కూడా తాకుతుంది. అందుకే "సైడ్ ఎఫెక్ట్ లేని కీమో" అన్న మాట సరికాదు.

ఇరుక్కుపోయిన స్టార్టరు: సీఎమ్మెల్ కథ

ఈ రంగమంతా ఒక్క జబ్బు మీద నిలబడి ఎదిగింది కాబట్టి అక్కడ కాస్త నిదానిద్దాం. 1960లో ఫిలడెల్ఫియాలో పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫోర్డ్ సీఎమ్మెల్ రోగుల కణాల్లో మామూలు కంటే పొట్టిగా ఉన్న ఒక క్రోమోజోమ్‌ను చూశారు. అది ఎందుకు పొట్టిగా ఉందో 1973లో జానెట్ రౌలీ తేల్చారు: 9వ క్రోమోజోమ్, 22వ క్రోమోజోమ్ విరిగి, ముక్కలు మార్చుకున్నాయి. అలా అతుక్కున్న చోట బీసీఆర్, ఏబీఎల్ అనే రెండు జన్యువులు కలిసిపోయి, ఎక్కడా లేని కొత్త ప్రొటీన్ పుట్టింది.

ఏబీఎల్ అనేది కైనేజ్ జాతి ఎంజైమ్. కణానికి "పెరుగు, విడిపో" అని సంకేతం పంపడం దాని పని. పొలంలో మోటారు స్టార్టరును గుర్తు తెచ్చుకోండి. పచ్చ బటన్ నొక్కితే మోటారు తిరుగుతుంది, ఎర్ర బటన్ నొక్కితే ఆగుతుంది, ఫ్యూజు ఊడబెరికితే కరెంటే రాదు. మామూలు ఏబీఎల్‌కి ఎర్ర బటన్ నొక్కే వేలు సొంతంగానే ఉంది: దాని తోకన ఉండే మిరిస్టేట్ అనే కొవ్వు ముక్క మడతపడి, ఒక గుంటలో కూర్చుని, ఎంజైమ్‌ను ఆపుతుంది. క్రోమోజోములు విరిగినప్పుడు సరిగ్గా ఆ తోకే తెగిపోయింది. ఎర్ర బటన్ అలాగే ఉంది, నొక్కే వేలు లేదు. మోటారు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటుంది.

ఇమాటినిబ్ చేసే పని ఫ్యూజు చోటును ఆక్రమించడం. ఎంజైమ్‌కు శక్తి ఇచ్చే ఏటీపీ అణువు కూర్చోవాల్సిన గుంటలో ఇది కూర్చుంటుంది. కరెంటు అందదు, మోటారు ఆగుతుంది. బ్రయన్ డ్రూకర్ బృందం 1998లో మనుషుల మీద ట్రయల్ మొదలుపెట్టింది. రోజుకు 300 మి.గ్రా. లేదా అంతకు మించి తీసుకున్న 54 మందిలో 53 మందికి రక్తకణాల లెక్క మామూలు స్థితికి వచ్చింది. క్యాన్సర్ మందుల చరిత్రలో అలాంటి అంకె అరుదు. 2001 మేలో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ తర్వాత 1,106 మందితో జరిగిన ఐరిస్ ట్రయల్‌లో ఇమాటినిబ్‌తో మొదలుపెట్టినవారిలో పదేళ్లకు 83.3 శాతం బతికి ఉన్నారు.

మన దేశంలో ఈ మాత్రకు ఇంకో అధ్యాయం ఉంది. అసలు కంపెనీ మందు నెలకు సుమారు లక్షా ఇరవై వేల రూపాయలు ఉన్న రోజుల్లో, ఇక్కడి జెనెరిక్ ఎనిమిది, పది వేలకు దొరికేది. పాత అణువుకే కొత్త స్ఫటిక రూపం చూపించి అడిగిన పేటెంటును పేటెంట్ల చట్టం సెక్షన్ 3(డి) కింద 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు తిరస్కరించింది. కొత్త రూపం వల్ల చికిత్సలో మెరుగైన గుణం ఉందని రుజువు కాలేదన్నది కారణం. పరిశోధనకు పేటెంటు రక్షణ లేకపోతే కొత్త మందులు ఎవరు కనిపెడతారన్న కంపెనీల వాదనలో బరువు ఉంది. కొనలేని మందు రోగికి లేని మందుతో సమానం అన్న వాదనలోనూ అంతే బరువుంది. రాజాం, సోంపేటల్లో ఈ మాత్ర మింగుతూ పొలం పనికి వెళ్లగలుగుతున్నవారి దృష్టిలో చూస్తే మాత్రం ఆ తీర్పు విలువ వేరే చెప్పనక్కర్లేదు.

నూటి నుంచి 0.1కి: రిపోర్టు లెక్క చదవడం

"ఐఎస్" అంటే అంతర్జాతీయ కొలమానం. ఏ ల్యాబులో చేసినా అంకెలు పోల్చుకునేందుకు పెట్టుకున్న ఉమ్మడి తక్కెడ. చికిత్సకు ముందున్న సగటు స్థితిని 100 శాతంగా తీసుకుంటారు. మాత్ర మొదలయ్యాక బీసీఆర్-ఏబీఎల్ మూడు నెలలకు 10 శాతం లోపు, ఆరు నెలలకు 1 శాతం లోపు, ఏడాదికి 0.1 శాతం లోపు రావాలని ఆశిస్తారు.

ఉదాహరణకు ఇద్దరు రోగులను ఊహించుకుందాం. ఒకరికి మూడు నెలలకు 7.2, ఆరు నెలలకు 0.8, ఏడాదికి 0.06 శాతం. అంతా గీత మీదే ఉంది. రెండోవారికి మూడు నెలలకు 14, ఆరు నెలలకు 11. రెండోవారికి రక్తకణాల లెక్క మామూలుగానే ఉండొచ్చు, ఒంట్లో బాగానే ఉండొచ్చు, డొక్కలో బరువూ పోయి ఉండొచ్చు. అయినా మందు సరిగ్గా పట్టలేదనే అర్థం. మామూలు రక్తపరీక్ష ఇక్కడ కళ్లు కప్పుతుంది. ఖర్చని జన్యు పరీక్ష మానేసి ఊళ్లోనే సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించుకుంటూ పోతే జరిగే నష్టం ఇదే.

ఎందుకంత లోతుకు కొలవాలి? జబ్బు బయటపడేనాటికి ఒంట్లో సుమారు లక్ష కోట్ల లుకేమియా కణాలుంటాయని అంచనా. 0.1 శాతం అంటే వెయ్యో వంతు, ఇంకా వంద కోట్లు మిగిలే ఉంటాయి. 0.01కి వస్తే పది కోట్లు. యంత్రం "కనబడలేదు" అని రాసినా లక్షల్లో ఉండొచ్చు. "నెగెటివ్ వచ్చింది కదా" అని ఎవరికి వారు మాత్ర ఆపేస్తే జబ్బు తిరగబెట్టడానికి కారణం ఈ మిగులే.

మందు పట్టనప్పుడు: మొదట వెతకాల్సింది మాత్రల డబ్బాలో

మందు పనిచేయలేదనగానే కొత్త మందు అడుగుతాం. అంతకంటే ముందు చూడాల్సింది రోగి మాత్ర రోజూ మింగారా అని. లండన్ హామర్‌స్మిత్ ఆసుపత్రి పరిశోధకులు 87 మంది రోగుల డబ్బా మూతల్లో ఎలక్ట్రానిక్ చిప్ పెట్టి, మూత ఎప్పుడెప్పుడు తెరిచారో లెక్కగట్టి 2010లో ప్రచురించారు. 90 శాతం కంటే ఎక్కువ మాత్రలు వేసుకున్నవారిలో ఆరేళ్లకు 94.5 శాతం మంది 0.1 గీత దాటి కిందికి వచ్చారు. 90 లేదా అంతకు తక్కువ వేసుకున్నవారిలో 28.4 శాతమే. 90 శాతం అంటే నెలకు మూడు మాత్రలు తప్పడం, అంతే. ఉడుపుల రోజుల్లో, పనికోసం విజయవాడకో చెన్నైకో వలస వెళ్లినప్పుడు, మందు అయిపోయి మళ్లీ విశాఖ వెళ్లేలోపు, వారం పది రోజులు ఇట్టే పోతాయి.

రెండోది ఇతర మందులతో పొత్తు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఇమాటినిబ్‌ను కాలేయంలో వేగంగా కరిగించేస్తుంది. రక్తంలో దాని మొత్తం సుమారు 74 శాతం పడిపోతుంది. మూర్ఛకు వాడే ఫెనిటోయిన్‌ది అదే దారి. ఇమాటినిబ్ తర్వాత వచ్చిన మాత్రల్లో ఒకటైన దసాటినిబ్‌కు శత్రువు మన ఇళ్లలో రోజూ మింగే గ్యాస్ మాత్ర. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ కడుపులో ఆమ్లం తగ్గిస్తాయి, ఆమ్లం లేకపోతే దసాటినిబ్ కరగదు, కరగకపోతే రక్తంలోకి ఎక్కదు. ఇమాటినిబ్‌కు ఈ ఇబ్బంది లేదు. పైగా దాన్ని అన్నం తిన్నాక పెద్ద గ్లాసు నీళ్లతో వేసుకోవాలి. అదే కోవలోని నిలోటినిబ్‌ది పూర్తిగా తిరకాసు: తిన్నాక రెండు గంటలు ఆగాలి, వేసుకున్నాక గంట తినకూడదు. ఆహారంతో కలిస్తే రక్తంలో మోతాదు పెరిగి గుండె లయ తప్పే ప్రమాదం. ఇక ద్రాక్షపండు పేరుతో రిపోర్టుల్లో కనిపించే హెచ్చరిక మనం తినే ద్రాక్ష గురించి కాదు. అది పంపర పనస జాతి పండు, గ్రేప్‌ఫ్రూట్. పేగుపొరలో మందును కరిగించే ఎంజైమ్‌ను అడ్డుకునే గుణం పంపర పనసలోనూ ఉంది కాబట్టి మన జిల్లాల్లో ఆ హెచ్చరికను దీనికి వర్తింపజేసుకోవడమే అర్థవంతం.

ఇవేవీ కాకపోతే అప్పుడు నిజమైన నిరోధకత. లుకేమియా కణం ఏబీఎల్ జన్యువులో ఒక్క అక్షరం మారినా ఫ్యూజు గుంట ఆకారం మారుతుంది. దసాటినిబ్, నిలోటినిబ్, బోసుటినిబ్ ఇలాంటి మార్పుల్లో చాలావాటిని దాటడానికి వచ్చినవే. టీ315ఐ అనే మార్పు దగ్గర మాత్రం అవన్నీ ఓడిపోయాయి. గుంట గుమ్మంలోనే ఒక పెద్ద అమైనో ఆమ్లం వచ్చి అడ్డంగా నిలబడుతుంది. పొనాటినిబ్ సన్నగా, దానికి తగలకుండా దూరేలా తయారైంది. రక్తనాళాలు మూసుకుపోయే ప్రమాదం వల్ల మోతాదు తగ్గించి జాగ్రత్తగా వాడాల్సి వస్తోంది.

2021లో అనుమతి పొందిన అసిమినిబ్ అసలు ఫ్యూజు జోలికే పోదు. ఎర్ర బటన్ గుంటలో, తెగిపోయిన వేలు స్థానంలో, తానే వెళ్లి నొక్కుతుంది. ఆ గుంట మిగతా కైనేజ్‌లలో అరుదు కాబట్టి పక్క ప్రొటీన్లను తాకడం తక్కువ. 2024లో వచ్చిన ఫలితాల్లో, కొత్తగా జబ్బు బయటపడ్డవారిలో 48 వారాలకు 0.1 గీత దాటినవారు అసిమినిబ్‌తో 67.7 శాతం, వైద్యులు ఎంచుకున్న పాత మందులతో 49 శాతం.

అయితే పాత మందు పక్కన పెట్టేయాలా?

ఇక్కడ నిపుణుల్లోనే రెండు మాటలున్నాయి. కొత్త మందులు వేగంగా, లోతుగా జబ్బును తగ్గిస్తాయి. తొందరగా లోతుకు వెళితే మందు ఆపే అవకాశం తొందరగా వస్తుంది, జబ్బు ముదిరే ప్రమాదమూ తగ్గుతుంది. ఇది ఒక పక్షం. రెండో పక్షం చూపించేది ఆయుష్షు లెక్క. నిలోటినిబ్‌ను ఇమాటినిబ్‌తో పోల్చిన ట్రయల్‌లో ఏడాదికి 0.1 గీత దాటినవారు 44, 22 శాతం, అంటే సరిగ్గా రెట్టింపు. పదేళ్ల తర్వాత చూస్తే బతికి ఉన్నవారి శాతం రెండు వైపులా దాదాపు సమానం. పైగా నిలోటినిబ్ వైపు గుండె, రక్తనాళాల జబ్బులు ఎక్కువ.

రెండూ నిజమే. అవి వేరువేరు ప్రశ్నలకు జవాబులు, అంతే. పాతికేళ్ల అమ్మాయికి పిల్లల్ని కనాలని ఉంటే (ఈ మందులు గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి) తొందరగా లోతైన స్థితికి చేరడం ముఖ్యం. అరవై ఏళ్ల షుగరు, బీపీ ఉన్న మనిషికి గుండెకు తక్కువ ముప్పున్న పాత మాత్రే మేలు కావచ్చు. వార్తల్లో "రెండింతలు మెరుగు" అని చదివినప్పుడు అది దేనిలో రెండింతలో చూడకపోతే మోసపోతాం.

ఏఎమ్మెల్: ఒకే పేరు కింద ఎన్నో జబ్బులు

సీఎమ్మెల్‌లో మీట ఒక్కటే. ఏఎమ్మెల్‌లో ఒకే రోగిలో నాలుగైదు జన్యు మార్పులు కలిసి ఉంటాయి, ఒక గుంపును కొడితే ఇంకో గుంపు పెరుగుతుంది. అందుకే ఇక్కడ టార్గెటెడ్ మందు ఒంటరిగా ఎక్కువ దూరం వెళ్లలేదు.

ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువులో మార్పు సుమారు 30 శాతం మందిలో ఉంటుంది. ఆ మార్పున్న 717 మందితో జరిగిన ర్యాటిఫై ట్రయల్‌లో కీమోకు, దానికి గురిపెట్టే మిడోస్టారిన్ జోడిస్తే నాలుగేళ్లకు బతికి ఉన్నవారు 51.4 శాతం, కీమో ఒక్కటే అయితే 44.3. లాభం నిజమే, కానీ ఏడు శాతం. సీఎమ్మెల్ అద్భుతాన్ని ఇక్కడ ఆశించిన కుటుంబానికి ఈ తేడా ముందే చెప్పడం మంచిది. తిరగబెట్టిన జబ్బుకు గిల్టెరిటినిబ్, ఐడీహెచ్1, ఐడీహెచ్2 మార్పులకు ఐవోసిడెనిబ్, ఎనాసిడెనిబ్ వచ్చాయి. తాజా గుంపు మెనిన్ అనే ప్రొటీన్‌ను అడ్డుకునే మందులు: కేఎంటీ2ఏ మార్పున్న జబ్బుకు రెవుమెనిబ్ 2024 నవంబరులో అమెరికాలో అనుమతి పొందింది.

వెనెటోక్లాక్స్ దారి కొంచెం వేరు. చనిపోవాల్సిన కణాన్ని బీసీఎల్-2 అనే ప్రొటీన్ చావనివ్వదు. ఇది ఆ అడ్డు తీస్తుంది. బలమైన కీమో తట్టుకోలేని పెద్దవారిలో అజాసిటిడిన్ అనే తేలికపాటి మందు ఒక్కటే ఇస్తే మధ్యస్థ మనుగడ (సగం మంది దాటిన కాలం) 9.6 నెలలు, వెనెటోక్లాక్స్ కలిపితే 14.7. కుర్రవారిలోనూ కీమో బదులు దీన్నే వాడొచ్చా అన్నదాని మీద నేరుగా పోల్చే ట్రయల్స్ నడుస్తున్నాయి. మన దేశానికి ప్రత్యేకమైన పరిశోధన ఇంకొకటుంది. బూజు ఇన్ఫెక్షన్ రాకుండా ఇచ్చే పోసకొనజోల్ కాలేయంలో వెనెటోక్లాక్స్‌ను కరగనివ్వదు కాబట్టి, ఆ రెండూ కలిస్తే వెనెటోక్లాక్స్ 400 మి.గ్రా. మోతాదును 70, 100 మి.గ్రా. మధ్యకు దించాల్సి ఉంటుంది. రోగికి ప్రమాదం కాకుండా చూసుకునే ఈ లెక్కనే ఖర్చు తగ్గించే దారిగా మలచవచ్చా అని మన ఆసుపత్రులు చూస్తున్నాయి. లెక్క తెలియకుండా పూర్తి మోతాదు రెండూ ఇస్తే తెల్లకణాలు అడుగంటిపోతాయి.

ఏపీఎల్ (అక్యూట్ ప్రోమైలోసైటిక్ లుకేమియా) అనే ఏఎమ్మెల్ ఉపరకం గురించి మాత్రం వేగిరపాటు అవసరం. 15, 17 క్రోమోజోముల మార్పిడి వల్ల వచ్చేది ఇది. చిగుళ్ల నుంచి నెత్తురు, ఒంటిమీద నల్లగా కమిలిన మచ్చలు, ఆగని రుతుస్రావం. మొదటి రోజుల్లో మెదడులో రక్తస్రావమే ప్రాణాలు తీస్తుంది. అది దాటితే లుకేమియాలన్నిటిలో బాగా నయమయ్యేది ఇదే. విటమిన్ ఏ నుంచి తయారైన ఆట్రా అనే గుళిక చైనాలో షాంఘై నుంచి వచ్చింది, ఆర్సెనిక్ ట్రయాక్సైడ్ హార్బిన్ నుంచి. ఆర్సెనిక్ అంటే పాషాణమే, నిజం. కొలిచి, సెలైన్‌లో, కిలోకి 0.15 మి.గ్రా. లెక్కన ఇస్తే మందు. ఈ రెండూ కణాన్ని నేరుగా చంపడానికి బదులు, అది ఎదిగి పెద్దదై సహజంగా చనిపోయేలా చేస్తాయి. 2013లో ఇటలీ, జర్మనీ పరిశోధకుల ఫలితం: కీమో లేకుండా ఈ రెండే వాడినవారిలో రెండేళ్లకు 97 శాతం మంది జబ్బు లేకుండా ఉన్నారు, ఆట్రాతో కీమో వాడినవారిలో 86. మన వెల్లూరు సీఎంసీ వైద్యులు ఆర్సెనిక్ ఒక్కదానితోనే మంచి ఫలితాలు సాధించి అంతకుముందే ప్రచురించారు. అనుమానం రాగానే, జన్యు పరీక్ష ఫలితం రాకముందే ఆట్రా మొదలుపెట్టడం ప్రపంచమంతా పాటించే పద్ధతి. మొదటి వారాల్లో జ్వరం, ఆయాసం, రెండు మూడు రోజుల్లో నాలుగైదు కిలోల బరువు పెరగడం కనిపిస్తే అది డిఫరెన్సియేషన్ సిండ్రోమ్, ఈ మందులతో వచ్చే ప్రమాదకరమైన ప్రతిచర్య. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ 10 మి.గ్రా. రోజుకు రెండుసార్లు వెంటనే మొదలవుతుంది. ఆర్సెనిక్‌తో గుండె లయ తప్పకుండా పొటాషియం 4కి పైన ఉంచుతారు.

లింఫ్ కణాల జబ్బులు, ఉద్దానం కిడ్నీలు

ఏఎల్ఎల్‌లో గురి చాలావరకు కణం లోపల కాదు, పైన. బీ-కణాల మీద సీడీ19 అనే జెండా ఉంటుంది. బ్లినాటుమొమాబ్ ఒక చేత్తో ఆ జెండాను, ఇంకో చేత్తో రోగి సొంత టీ-కణాన్ని (రోగనిరోధక కణాన్ని) పట్టుకుని రెండింటినీ ముఖాముఖి నిలబెడుతుంది. శరీరంలో రెండు గంటల్లోనే సగం కరిగిపోతుంది కాబట్టి 28 రోజులు పంపుతో ఆగకుండా ఎక్కించాలి. చర్మం కింద ఇచ్చే సూది మీద పరిశోధన అందుకే. కీమోతో జబ్బు పదివేల కణాల్లో ఒకటి కూడా కనబడనంతగా తగ్గిన పెద్దవారిలో కూడా దీన్ని జోడిస్తే మూడేళ్లకు 85 శాతం, జోడించకపోతే 68 శాతం బతికి ఉన్నారు. "కనబడలేదు" అంటే "లేదు" కాదని పైన అన్నమాటకు ఇదే సాక్ష్యం.

కార్-టీ పద్ధతిలో రోగి టీ-కణాలను బయటికి తీసి, సీడీ19ను గుర్తించే జన్యువును ఎక్కించి, తిరిగి ఒంట్లోకి పంపుతారు. ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ కలిసి రూపొందించిన నెక్స్‌కార్19కు 2023 అక్టోబరులో మన దేశంలో అనుమతి వచ్చింది. విదేశీ ధరలో చిన్న వంతే అయినా మన కుటుంబాలకు ఇప్పటికీ అందని ఖర్చే. ఇక్కడా నిరోధకత ఉంది: కొన్ని లుకేమియా కణాలు సీడీ19 జెండాను దించేసుకుని తప్పించుకుంటాయి. ఒకేసారి రెండు జెండాలను గుర్తుపట్టే కణాల మీద ఇప్పుడు పరిశోధన నడుస్తోంది.

సీఎల్ఎల్‌లో పెద్ద చర్చ ఎన్నాళ్లు వాడాలన్నది. ఇబ్రుటినిబ్, అకాలబ్రుటినిబ్ వంటివి ఆపకుండా వాడే మాత్రలు. వెనెటోక్లాక్స్ కలిపిన చికిత్స ఏడాదికో రెండేళ్లకో ముగుస్తుంది. గుండె లయ తప్పే గుణం ఉన్నవారికి మొదటిది ఇబ్బంది. రెండోదానిలో ఇబ్బంది కిడ్నీలకు.

ఈ మాట శ్రీకాకుళంలో రెండుసార్లు చదవాలి. వెనెటోక్లాక్స్ కోట్ల కణాలను ఒక్కసారిగా పగలగొడుతుంది. వాటి లోపలి పొటాషియం, ఫాస్ఫేట్, యూరిక్ ఆమ్లం రక్తంలోకి వరదలా వచ్చిపడతాయి. తొలి ట్రయల్స్‌లో దీనివల్లే మరణాలు సంభవించాయి. అందుకే ఇప్పుడు సీఎల్ఎల్‌లో మొదటి వారం 20 మి.గ్రా., తర్వాత 50, 100, 200, అయిదో వారానికి 400. రెండు మూడు రోజుల ముందు నుంచే యూరిక్ ఆమ్లం తగ్గించే అల్లోప్యూరినాల్, రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల నీళ్లు, మొదటి మోతాదుల తర్వాత 6 నుంచి 8 గంటలు గడిచాక ఒకసారి, 24 గంటలు గడిచాక మరోసారి రక్తపరీక్ష. కిడ్నీల వడపోత శక్తిని చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ 80 కంటే తక్కువ ఉంటే ప్రమాదం పెరిగినట్టే. ఉద్దానం ప్రాంతంలోని కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు ఇంటింటి మాట. అక్కడి మనిషికి 80 లోపు ఉండటం వింత కాదు, పైకి ఏ లక్షణమూ కనబడదు. డయాలసిస్ దగ్గర్లో లేని చోట ఈ మందు మొదటి వారాలు గడపడం క్షేమం కాదు. ఇమాటినిబ్‌కు కూడా క్లియరెన్స్ 20 నుంచి 39 మధ్య ఉంటే మొదలుపెట్టే మోతాదు సగానికి తగ్గిస్తారు. క్రియాటినిన్ అంకె ఒక్కటే చూస్తే సన్నగా ఉన్న మనిషిలో అది మామూలుగానే కనిపించి మోసం చేస్తుంది. వయసు, బరువు కలిపి లెక్కగట్టిన క్లియరెన్స్ అసలు సంగతి చెబుతుంది.

మాత్ర ఎన్నాళ్లు మింగాలి?

సీఎమ్మెల్ రోగులు వైద్యులను ఎక్కువగా అడిగేది ఇదే. జీవితాంతం అన్నది పాత జవాబు. ఫ్రాన్సు పరిశోధకులు 2010లో ప్రచురించిన అధ్యయనంలో, కనీసం రెండేళ్లు జబ్బు కనబడని వంద మందిలో ఇమాటినిబ్ ఆపి చూశారు. దాదాపు 40 శాతం మందికి మళ్లీ రాలేదు. తర్వాత యూరప్‌లో 755 మందితో చేసిన యూరో-స్కీలో రెండేళ్లకు సగం మంది మందు లేకుండానే ఉన్నారు. తిరగబెట్టినవాటిలో అత్యధికం మొదటి ఆరు నెలల్లోనే; మాత్ర మళ్లీ మొదలుపెడితే దాదాపు అందరిలోనూ జబ్బు తిరిగి అణిగింది. బ్రిటన్‌లో ఇంకో దారి ప్రయత్నించారు: ముందు ఏడాది సగం మోతాదు, ఆ తర్వాత ఆపడం. లోతైన స్థితిలో ఉన్నవారిలో మూడేళ్లకు 72 శాతం మందికి జబ్బు రాలేదు. 0.1 దగ్గరే ఆగినవారిలో 36 శాతమే.

యూరోపియన్ నిపుణుల 2020 సిఫార్సుల ప్రకారం ఇమాటినిబ్ అయిదేళ్లకు పైగా వాడి, అందులో రెండేళ్లకు పైగా 0.01 శాతం లేదా అంతకు దిగువన ఉన్నవారికే ఈ ప్రయత్నం. ఆపాక మొదటి ఆరు నెలలు నెలనెలా, తర్వాత ఆరు నెలలు రెండు నెలలకోసారి, ఆపైన మూడు నెలలకోసారి బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష. 0.1 దాటి పైకి వెళ్లిన రోజే మాత్ర మళ్లీ మొదలు. ఆపిన కొత్తలో నలుగురైదుగురిలో ఒకరికి కీళ్లు, కండరాల నొప్పులు వస్తాయి. అది జబ్బు తిరగబెట్టడం కాదు, నెలల్లో తగ్గుతుంది.

లెక్క వేస్తే మొదటి ఏడాది తొమ్మిది పరీక్షలు. ఇచ్ఛాపురం నుంచి విశాఖకు పోనూ రానూ తొమ్మిది ప్రయాణాలు, తొమ్మిది రోజుల కూలి, ప్రతిసారీ ఫలితానికి ఎదురుచూపు. జెనెరిక్ మాత్ర ఖర్చు కంటే ఈ పరీక్షల ఖర్చు ఎక్కువయ్యే ఇళ్లూ ఉంటాయి. అందుకే మన దేశంలో కొందరు వైద్యులు మాత్ర ఆపడానికి తొందరపడరు, ఇంకొందరు పరీక్షకు రక్తం జిల్లాలోనే తీసి పంపే ఏర్పాటు ఉంటేనే ఒప్పుకుంటారు.